ఏమీ జరగలేదన్న ఎపిసోడ్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు సమీక్షలూ చదివాను. మొదటిది పర్వాలేదు. రెండోది పొడుగు. మూడోది సగంలో బల్ల మీద పడేసి లేచి వెళ్లిపోయాను. పాత జపాన్ కథతో వచ్చిన సిరీస్ 'షోగన్' ఆఖరి ఎపిసోడ్ మీద రాసినది. "పది ఎపిసోడ్లు ఊరించి చివరకు యుద్ధమే చూపించలేదు. ఈ ఎపిసోడ్‌లో ఏమీ జరగలేదు" అన్నావు. కోపం తగ్గడానికి రెండు రోజులు పట్టింది. తగ్గాక ఆ ఎపిసోడ్ మళ్లీ చూశాను. చూశాక మళ్లీ వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

అమ్మాయీ, ఆ ఎపిసోడ్ ఎలా మొదలవుతుందో గుర్తుందా? జపాన్ తీరానికి కొట్టుకొచ్చిన ఇంగ్లీషు నావికుడు బ్లాక్‌థార్న్ ముసలివాడై ఇంగ్లండులో మంచం మీద ఉంటాడు, పక్కన మనవలు. చేతిలో అతను ప్రేమించిన దుబాసీ మారికో శిలువ. నువ్వేమో "హీరో క్షేమంగా ఇల్లు చేరాడని మొదటి నిమిషంలోనే చెప్పేసి ఉత్కంఠ చంపేశారు" అని దర్శకుడికి పాఠం చెప్పావు. సరే, ఇప్పుడు పడవ దగ్గరికి రా. జపాన్‌లో అతని ఇల్లు చూసుకున్న ఫుజీ తన భర్త, బిడ్డల చితాభస్మం సముద్రంలో కలిపాక బ్లాక్‌థార్న్ ఏం చేశాడు? ఆ శిలువనే నీళ్లలోకి వదిలేశాడు. సముద్రంలో మునిగిన శిలువ ముసలాయన చేతిలోకి ఎలా వచ్చింది? రాలేదు. ఆ ముసలితనం, ఆ మంచం, ఆ మనవలు అన్నీ అతను కన్న కల. ఆ శిలువను వదిలినప్పుడే ఇంటిదారినీ వదిలేశాడు. ఎపిసోడ్ పేరులో కల అన్న మాట రెండుసార్లు ఉంది. పేరు కూడా చదవకుండా రెండున్నర స్టార్లు ఇచ్చేశావు.

ఇక యుద్ధం. 1600 అక్టోబరు 21న జపాన్‌లో సెకిగహారా దగ్గర ఏం జరిగిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈ కథలోని ప్రభువు తొరనాగా పాత్రకు మూలమైన తొకుగావా ఇయెయాసు గెలిచాడు, 1603లో షోగన్, అంటే దేశాన్ని ఏలే సేనాధిపతి, అయ్యాడు. తెలిసిన ఫలితానికి వేలమందిని, గుర్రాలను పోగేసి గంటసేపు కత్తులు తిప్పించవచ్చు. వీళ్లు ఆ పని చేయలేదు. కొండ అంచున కాసేపట్లో కడుపు కోసుకోబోయే అతని సామంతుడు యబుషిగె పక్కన తొరనాగాను నిలబెట్టి, నాలుగు మాటలు మాట్లాడించారు. యుద్ధభూమి కొన్ని క్షణాలు కనబడుతుంది. శత్రువుల వైపు రావలసిన బాల వారసుడి సేన జెండా రాదు. ఎందుకు రాలేదంటే, తొమ్మిదో ఎపిసోడ్‌లో మారికో చనిపోయింది. ఆ చావు వారసుడి తల్లి ఒచిబా మనసు మార్చింది, ఆమె ఒక ఉత్తరం రాసింది. యుద్ధం అక్కడే ముగిసింది. నువ్వు పదో ఎపిసోడ్‌లో దానికోసం వెతికావు.

ఇది నా పాత పట్టుదల, నాతో పనిచేసినవాళ్లందరూ దీన్ని వినీ వినీ విసిగిపోయారు. నువ్వూ విను. పిడుగు ఆఖరి ఎపిసోడ్‌లోనే పడాలని ఏ శాస్త్రంలోనూ లేదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తీసుకో. మొదటి సీజన్‌లో కథానాయకుడనుకున్న నెడ్ స్టార్క్ తల తెగింది తొమ్మిదో ఎపిసోడ్‌లో. మూడో సీజన్‌లో పెళ్లిపందిట్లో రక్తం పారింది కూడా తొమ్మిదిలోనే. పదోది ఆ దెబ్బ తిన్నవాళ్లు ఎలా లేచారో, ఎవరు లేవలేకపోయారో చూపించడానికి. తొమ్మిదికి చప్పట్లు కొట్టి పదిని "నెమ్మదిగా ఉంది" అని కొట్టిపారేసే సమీక్షకుడికి చావు కావాలి, శోకం అక్కర్లేదు.

నెమ్మది అంటే ఏమిటో ఒక షాట్ చెబుతాను. 2016లో వచ్చిన అదే సిరీస్ ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్. ఈసారి పిడుగు పదిలోనే పడింది, ఆ సిరీస్‌లో అంతవరకు వినబడని పియానోతో మొదలై. మందిరం పేలిపోయింది, కుర్రరాజు భార్య అందులోనే పోయింది. నేను చెప్పేది ఆ పేలుడు గురించి కాదు. ఆ రాజు టోమెన్ కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. ఫ్రేములోంచి పక్కకు తప్పుకుంటాడు. కెమెరా కదలదు. ఖాళీ కిటికీ, దూరంగా పొగ. మళ్లీ వచ్చేసరికి తల మీద కిరీటం లేదు. గట్టు ఎక్కుతాడు, ముందుకు ఒరిగిపోతాడు. అరుపు లేదు, ఏడుపు లేదు. ఆ ఖాళీ కిటికీని మనం చూస్తూ ఉండిపోయిన కొన్ని సెకన్ల మీద నేను ఒక పేజీ రాశాను. ఎడిటరు దాన్ని కోసేసి, ఆ స్థలంలో "ఈ సీజన్‌లో చనిపోయినవారు" అని పట్టిక వేశాడు. పట్టిక బాగా పోయిందట!

ఎడిటర్ల సంగతి ఎత్తాను కాబట్టి నా సిగ్గుమాలిన పని కూడా చెప్పేస్తాను. 2015 జూన్‌లో అదే సిరీస్ అయిదో సీజన్ చివర నాయకుడు జాన్ స్నోను మంచులో పొడిచి వదిలేశారు. తెల్లారేలోపు సమీక్ష కావాలని ఒక పత్రికవాళ్లు నెత్తిన కూర్చున్నారు. నేను సమీక్ష రాయలేదు, చరమగీతం రాశాను. అతని జీవితం, అతని ఆదర్శం, మంచు మీద ఎర్రటి మరక... నా కళ్లే చెమర్చాయి. మరుసటి ఏడాది రెండో ఎపిసోడ్ చివర ఆ శవం కళ్లు తెరిచింది. తెల్లారేలోపు కావాలన్న మనిషే ఫోను చేసి, "దినం భోజనాలు కూడా పెట్టేశారు కదండీ" అన్నాడు. అప్పటినుంచి ఆఖరి ఎపిసోడ్‌ను రెండుసార్లు చూడకుండా, మధ్యలో మొదటి ఎపిసోడ్ తిరగేయకుండా ఒక్క అక్షరం రాయలేదు. ఆ అలవాటు వల్ల నాకు పోయిన పత్రికలు మూడు.

చరిత్ర కథలకు ఈ అలవాటు ఇంకా అవసరం. అక్కడ ముగింపు అందరికీ తెలుసు కాబట్టి, దాచడానికి ఏమీ ఉండదు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కొలువు మీద 2015లో వచ్చిన 'వుల్ఫ్ హాల్' చూడు. 1536 మే 19న రాణి ఆన్ బొలీన్ తల పడుతుంది. పని ముగించుకుని మంత్రి క్రామ్‌వెల్ రాజు దగ్గరికి నడుస్తాడు. రాజు చేతులు చాచి, నవ్వుతూ కౌగిలించుకుంటాడు. అంతే, అయిపోయింది. క్రామ్‌వెల్ ముఖం మాత్రం మన దగ్గర మిగులుతుంది. నాలుగేళ్ల తర్వాత ఇదే రాజు ఇతని తలా తీయిస్తాడని తెలిసినవాడికి ఆ కౌగిలి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. నువ్వు రాస్తే దీన్ని కూడా "సుఖాంతం" అంటావేమోనని నా భయం.

నిజంగానే ఏమీ జరగని ఆఖరి ఎపిసోడ్లు ఉండవా అని నువ్వు అడుగుతావు. ఉంటాయి. 2024 ఆగస్టులో 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' రెండో సీజన్ ఎనిమిది ఎపిసోడ్లకే ఆగింది. సేనలు బయలుదేరాయి, ఓడలు బయలుదేరాయి, మనల్ని గుమ్మంలో నిలబెట్టి తలుపు వేసేశారు. అదే సిరీస్ మొదటి సీజన్ చివర కొడుకు చావు కబురు రాణి రెనీరాకు నిప్పు దగ్గర చెప్పినప్పుడు ఒక్క మాటా మనకు వినిపించలేదు. ఆమె వీపు కనబడింది, ఒంగిపోయింది, తిరిగి చూసింది. ఒకచోట దాచారు, ఒకచోట ఎగ్గొట్టారు. ఆ తేడా పట్టుకుని రాయి. "ఏమీ జరగలేదు" అన్న మాట రెండింటికీ సరిపోతుంది, అందుకే అది దేనికీ పనికిరాదు.

ఇంకో చిరాకు. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో రాజులు కూర్చున్న బల్ల మీద కాఫీ కప్పు ఒకటి మరిచిపోయారని లోకమంతా వారం రోజులు రాసింది. నీ రెండో సమీక్షలో కూడా ఒక పేరా దానికే పోయింది. కప్పును పట్టుకున్న కళ్లకు శిలువ ఎలా తప్పిపోయింది?

విడుదలకు ముందే ఎపిసోడ్లు ఎలా సంపాదించాలి, ఎంత డబ్బు వస్తుంది, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటి గురించి ఇంకోసారి. స్పాయిలర్ల భయంతో "అద్భుతం, అనూహ్యం" అని పొగమంచు కప్పడం మాత్రం మానెయ్. చూడనివాళ్లను మొదటి వాక్యంలోనే మర్యాదగా పంపించేసి, చూసినవాళ్లతో మాట్లాడు.

పడవలో ఫుజీ గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలు బాగున్నాయి. వాటిని కదపకు. మిగతాది మళ్లీ రాసి పంపు. పంపేటప్పుడు మూడు కాకుండా రెండున్నర స్టార్లే ఇచ్చి, ఆ అర స్టారు దేనికి కోశావో కూడా రాయి. నేను నాలుగుసార్లు వెతికాను, నీ సమీక్షలో ఎక్కడా దొరకలేదు.