నిలువుగా దిగే తేజస్: తేడా ఎక్కడుందంటే

తమ్ముడూ, మైపాడు బీచ్ ఫొటోలో తేజస్ యుద్ధవిమానం నిలువుగా దిగుతున్నట్టు ఎడిట్ చేస్తే అతికించినట్టే ఉందన్నావు కదా. ముందు విమానం సంగతి. తోకలో ఉన్న ఒక్క నాజిల్‌నే, అంటే ఇంజిన్ వేడిగాలి బయటికొచ్చే గొట్టాన్నే, కిందికి వంచావు. అలాగైతే ముక్కు నేలకు కొడుతుంది. నిజంగా నిలువుగా దిగే విమానాలు చూడు: హారియర్‌కు ఇంజిన్ ఒకటే అయినా నాలుగు నాజిళ్లు. ఎఫ్-35బిలో అయితే కాక్‌పిట్ వెనకే లిఫ్ట్ ఫ్యాన్, ముందు భాగాన్ని ఎత్తి పట్టుకునే పెద్ద ఫ్యాన్. నువ్వూ అక్కడ ఒక మూత తెరిచి పెట్టు, ఫ్యాన్ పట్టేలా వెన్ను కాస్త ఉబ్బించు.

ఇక నీడ. పొద్దున ఫొటో, సూర్యుడు సముద్రం మీదున్నాడు, నీడేమో నీళ్లవైపే పడింది! ఒడ్డువైపు తిప్పు. తర్వాత ఇంజిన్ గాలికి లేచే ఇసుక దుమ్ము. కొత్త లేయర్‌లో ఆ ఇసుక రంగే తీసుకుని, మెత్తటి బ్రష్‌తో విమానం కింద నుంచి చుట్టూ బయటికి లాగు. రెడీమేడ్ పొగ బ్రష్‌లు వద్దు, టీ మీద ఆవిరిలా ఉంటాయి. పక్కన ఆరేసిన వలలు కూడా చెరిపెయ్, ఆ ఇంజిన్ గాలికి అవి అక్కడ ఉండవు.