అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయిన మేనకోడలికి

అమ్మడూ,

నిన్ను అసోసియేషన్ సెక్రటరీని చేశారని మీ అమ్మ చెప్పింది. ఎవరూ ముందుకు రాకపోతే నువ్వు ఒప్పుకున్నావట. నీళ్లూ కరెంటూ తగ్గించాలనుంది, ఎక్కడ మొదలుపెట్టను మావయ్యా అని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ముందు పోస్టర్ల ఆలోచన మానుకో. ‘నీటిని పొదుపు చేయండి’ అని లిఫ్టులో అంటించిన కాగితం వల్ల ఒక్క బకెట్ తగ్గడం నా సర్వీసులో చూడలేదు. ఒక నోటుబుక్ కొను. ఎడమ పేజీలో నీళ్లు, కుడి పేజీలో కరెంటు యూనిట్లు. రెంటినీ పక్కపక్కనే ఎందుకు రాయమంటున్నానో చెబుతాను.

మన విశాఖలో పారే పెద్ద నది లేదు. ఉన్నవి గెడ్డలు, అంటే చిన్న వాగులు. తాగే నీళ్లు చాలావరకు దూరం నుంచి వస్తాయి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా దిగే గోస్తని నదికి తాటిపూడి దగ్గర ఆనకట్ట ఉంది, అక్కణ్ణుంచి కొన్ని వస్తాయి. శారద నది మీద ఉన్న రైవాడ జలాశయం నుంచి కొన్ని. ఏలేరు నీళ్లయితే కాకినాడ జిల్లా ఏలేశ్వరం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచి రావాలి. స్టీల్ ప్లాంటు కోసం తవ్విన కాలువ అది. ఇన్ని చోట్ల నుంచి వచ్చిన నీటిని శుభ్రం చేసి, పంపులతో ఎత్తి, మీ వీధి దాకా తోయాలి. మీ సంపులో పడ్డాక మీరు మళ్లీ మేడ మీదికి ఎక్కిస్తారు. అంటే మీ ఇంటి కుళాయి నీళ్లలో కరెంటు ముందే కలిసి ఉంది. ఇంకో సంగతి, రైవాడ నీళ్లు తమ పొలాలకే ఇవ్వాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. వాళ్లను తప్పు పట్టలేం.

ఇక పనిలోకి దిగు. సంపు మోటారు వేసే ముందు కామన్ మీటరు రీడింగ్ రాయించు, ఆపాక మళ్లీ రాయించు. ఆ కాసేపూ లిఫ్టు ఆపితే లెక్క తేటగా ఉంటుంది. పదివేల లీటర్లను 20 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి ఫిజిక్స్ లెక్కన అర యూనిట్ కొంచెం దాటుతుంది. మోటారు, పైపుల నష్టాలన్నీ కలిపి దానికి మూడింతలు వేసుకున్నా రెండు యూనిట్లకు మించకూడదు. మీది నాలుగో అయిదో చూపిస్తే మోటారు అరిగిపోయి ఉండాలి, లేదా పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వ్ నీళ్లు వదిలేస్తుండాలి, లేదా ఎక్కిన నీళ్లు ఎక్కడో కిందికి జారిపోతుండాలి. బోరు మోటారుకు విడిగా చూడు. వంద మీటర్ల లోతు నుంచి లాగితే ఆ పదివేల లీటర్లకే అయిదింతలు కరెంటు. ఎండాకాలం బిల్లు పెరగడంలో దానికి పెద్ద వాటా ఉంటుంది, నెపం మాత్రం అంతా ఏసీల మీదకు పోతుంది.

లీకులు పట్టుకోవడానికి రాత్రి పరీక్ష ఉంది. పదకొండింటికి మోటారు ఆపి, పై ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టించు. తెల్లవారుజామున అయిదింటికి, జనం లేవకముందే చూడు. నాలుగైదు అంగుళాలు దిగిందంటే ఆ రాత్రి ఎవరూ స్నానాలు చేసి ఉండరు కదా! చాలాసార్లు దొంగ ఫ్లష్ ట్యాంకే. చప్పుడు లేకుండా కారుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలీదు. ట్యాంకులో కాస్త బీట్‌రూట్ రసం పోసి, పావుగంట ఫ్లష్ నొక్కకుండా ఉండమను. కింద సిరామిక్ మీద ఎరుపు కనిపించిందా, రబ్బరు వాషర్ మార్చాలి. సెకనుకో చుక్క కారే కుళాయి కూడా రోజుకు నాలుగైదు లీటర్లు తాగేస్తుంది. ప్లంబర్‌ను ఒక్కో ఫ్లాటు విడివిడిగా పిలిస్తే విజిటింగ్ చార్జీలే వాచిపోతాయి. ఒక ఆదివారం అందరికీ కలిపి పిలిపించు, వాషర్లు మీరే డజన్ల లెక్కన కొని పెట్టుకోండి.

ఆర్వో, అదే తాగే నీళ్ల ఫిల్టరు మిషన్, సంగతి మాట్లాడితే ఫ్లాట్లలో గొడవ అవుతుంది, అయినా మాట్లాడు. ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి మామూలు ఇంటి ఆర్వో రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీటికి ఆర్వో వాడకుండా చూడమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది. కొన్ని వందల రూపాయలకు టీడీఎస్ మీటరు దొరుకుతుంది. మునిసిపల్ కుళాయికి ఒకసారి, బోరుకు ఒకసారి పెట్టి చూసి, ఆ అంకెలు గ్రూపులో పెట్టు. ఆర్వో తప్పనిసరైన ఇళ్లవాళ్లకు ఆ వదిలేసే నీళ్లతో గచ్చు కడుక్కోమని చెప్పు. మొక్కలకు పోస్తే ఉప్పు ఎక్కువై ఆకులు మాడతాయి.

ఇప్పుడు మీ కాలువ గురించి. నిన్ను ఎక్కువ ఆలోచించమనేది ఇక్కడే. మీరుండేది చినముషిడివాడలో. ఆ చుట్టుపక్కల కాలనీల మురుగు వాలు చూసుకుని మేఘాద్రిగెడ్డ వైపే పోతుంది. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నుంచి ఊరికి తాగునీరు ఇస్తారు. మీరు వదిలిన మురుగులో కొంత, అంత దూరం తిరిగి, శుద్ధి అయి, మళ్లీ జనం కుళాయిల్లోకి వస్తుంది. నది అనగానే గోదావరికి పోయి దండం పెడతాం కానీ, మీకు దగ్గరి నది మీ గేటు ముందున్న కాలువే. సెప్టిక్ ట్యాంకు నిండి ఆ కాలువలోకి పొర్లకుండా చూడు, రెండు మూడేళ్లకోసారి తీయించు. తీసేవాళ్ల బండి ఎక్కడ ఖాళీ చేస్తుందో అడిగి, రసీదు తీసుకో. చీకటి పడ్డాక వచ్చి తక్కువకు చేసిపెడతామనేవాళ్లను పిలవకు, ఆ సరుకు ఏదో గెడ్డలోనే తేలుతుంది. వేయించిన నూనె సింకులో పోయొద్దని వంటింట్లో ఉండేవాళ్లందరికీ చెప్పు, మగవాళ్లతో సహా. సీసాలో పట్టి పొడి చెత్తతో ఇవ్వొచ్చు. సబ్బు నీళ్లు, మురుగు కలిసి పోషకాలు ఎక్కువైతే చెరువుల మీద గుర్రపుడెక్క పరుచుకుంటుంది. అది పెరిగాక తీయడం ఎంత కష్టమో, తీయించే రోజుల్లో నా నడుముకే తెలుసు.

వాన నీళ్ల లెక్క చెబుతాను, ఇది వింటే మీ వాళ్లు కూడా ఒప్పుకుంటారు. మన వైపు ఏడాదికి ఇంచుమించు మీటరు వాన పడుతుంది. 120 గజాల మేడ అంటే వంద చదరపు మీటర్లు, దాని మీద పడేది లక్ష లీటర్లు. ఆవిరి, వృథా పోగా ఎనభై వేలు అనుకో. మీ మేడ అంతకు నాలుగింతలుంటుంది. అయితే ఇంకుడు గుంతలోకి మేడ నీళ్లే పోవాలి. వాష్ ఏరియా పైపును దాంట్లో కలిపేసే మేస్త్రీలు ఉంటారు, దగ్గర నిలబడి చూడు. సీజనులో మొదటి రెండు వానల నీళ్లు బయటకు వదిలేసేలా ఒక వాల్వ్ పెట్టించు, మేడ మీద దుమ్మూ పక్షి రెట్టలూ వాటితోనే పోతాయి. గుంతలో చేరే మడ్డిని ఏటా జూన్‌కు ముందు తీయించకపోతే రెండేళ్లలో అది పూడిపోతుంది.

కరెంటు గురించి తక్కువే చెబుతాను, అది నీకు తెలిసిందే. మెట్ల లైట్లకు టైమరు పెట్టించు. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30కి అటూ ఇటూ. గీజరులో ఒక బకెట్, అంటే 20 లీటర్లను 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కావాలి. మన ఊరి చలికి అంత వేడి నీళ్లు ఎవరికి కావాలో నాకు అర్థం కాదు, పోనీలే. సోలార్ పెట్టించాలనుకుంటే పీఎం సూర్యఘర్ పథకం కింద అసోసియేషన్ల కామన్ అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ధర ఒక్కటే చూసి కొటేషన్ ఒప్పుకోవద్దు. మన ఉప్పుగాలికి మామూలు ఇనప స్టాండ్లు తుప్పు పడతాయి. గాల్వనైజ్డ్‌వో అల్యూమినియంవో అడుగు. 2014 హుద్‌హుద్ తుపానులో మేడల మీద ట్యాంకులు ఎగిరిపోయిన ఊరు మనది, ప్యానెళ్లను ఎంత గాలికి తట్టుకునేలా బిగిస్తారో కాగితం మీద రాయించుకో. ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీద 2018లో పెట్టిన రెండు మెగావాట్ల తేలే సోలార్‌ను ఒకసారి మీ కమిటీకి చూపించు, ఉత్సాహం వస్తుంది.

మనుషుల విషయం. వాచ్‌మన్‌ను తిట్టకు, మోటారు స్విచ్ అతని చేతిలో ఉంది. వాళ్లావిడ పేరుతో నెలకు కొంచెం డబ్బు ఎక్కువిచ్చి, రీడింగులు రాసే పని అప్పగించు. ఎక్కువ వాడే ఫ్లాటు పేరు ఎప్పుడూ బయట పెట్టకు, మొత్తం అంకె ఒక్కటే నోటీసు బోర్డు మీద రాయి. మీటింగు ఏప్రిల్‌లో ట్యాంకర్ బిల్లు వచ్చిన వారమే పెట్టు. అప్పుడైతే అందరూ వస్తారు, వింటారు కూడా. ఫ్లాటుకో నీటి మీటరు పెట్టాలనే మాట ఆ మీటింగులో నువ్వు ఎత్తకు. ట్యాంకర్ ఖర్చు చూసి వాళ్లలో ఒకరు ఎత్తుతారు.

వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. సంపు మూత తీయించి, ఒక టార్చి, కొలత టేపు రెడీగా పెట్టు. టిఫిన్ అయ్యాక పని మొదలుపెడదాం.

మీ మావయ్య