వంత లేని హాస్యం

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నీ స్టాండప్ కామెడీ ప్రదర్శనలవంటూ నీవు పంపిన రెండు వీడియోలనూ చూశాను. మొదటిదానిని మీ అత్త గుడికి వెళ్లిన సమయం చూసుకుని చూడవలసి వచ్చింది. విశాఖలో పగలబడి నవ్విన జోకులకే పలాస కళాశాల వార్షికోత్సవంలో జనం బిగుసుకుపోయారనీ, ముందు వరుసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారనీ, మన జిల్లాలవాళ్లకు హాస్యం అర్థం కాదనీ ఫోనులో నిష్ఠూరమాడావు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెబుతూ, సెలవుల్లో బుర్రకథ దళంలో హాస్య వంతగా నిలబడినవాడిని కనుక, ఈ ఒక్క విషయంలో నీకు నాలుగు మాటలు చెప్పే అధికారం నాకు ఉందనుకుంటాను.

బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారని నీకు తెలుసు. ఒకడిది హాస్యం, మరొకడిది రాజకీయం. నేను హద్దు దాటి ఏదైనా వాగినప్పుడు, రెండో వంత డక్కీ మీద ఒక్క దెబ్బ వేసి "నోటికి అదుపు లేదుటోయ్?" అని గదమాయించేవాడు. జనం మనసులో పుట్టిన చిరాకును వేదిక మీదనే ఒకడు పైకి అనేసేవాడు కనుక, వారికిక నవ్వడానికి అడ్డు ఉండేది కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు అంత పచ్చిగా మాట్లాడినా చెల్లుబాటు కావడానికి, వాడి వీపు మీద బంగారక్క దెబ్బలు పడుతూ ఉండడమే కారణం. నీ ఆటలో మైకు పట్టుకున్నవాడివి నీవు ఒక్కడివే. మందలించే వేషం ఖాళీగా ఉంది కనుక ప్రేక్షకుడే దానిని కట్టుకుంటాడు. ఒకడు మౌనంతో కడతాడు, ఒకడు లేచి వెళ్లి కడతాడు, ఒకడు అరుస్తాడు, మరొకడు పోలీసు స్టేషనుకు పోతాడు. కావాలని నొప్పించే హాస్యాన్ని ఎంచుకున్నవాడు ఈ నాలుగింటినీ తన ప్రదర్శనలో భాగంగానే లెక్కవేసుకోవాలి తప్ప, జనం తనకు చేసిన ద్రోహంగా భావించకూడదు.

పలాస సంగతికి వస్తాను. "ఉద్దానంలో పెళ్లిచూపులకు వెళితే కట్నం బదులు కిడ్నీ అడుగుతారు" అన్నావు. విశాఖ హాలులో కూర్చున్నవారికి ఉద్దానం కిడ్నీ జబ్బు పత్రికలో చదివే వార్త. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లలకు అది వారానికి రెండు మూడుసార్లు నాన్నను నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం దగ్గర కనిపెట్టుకుని ఉండడం. దశాబ్దాలుగా పీడిస్తున్న ఆ జబ్బుకు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది 2023 డిసెంబరులో. ఆ ఇంటి పిల్లకు సంబంధాలు తప్పిపోవడం నిజంగానే జరుగుతున్న ఊళ్లో నీవు పెళ్లిచూపుల జోకు వేశావు. ఉద్దానం మీద హాస్యం చెప్పవద్దని నేను అనను. చేతికి సూదితో మంచం మీద ఉన్న ముసలాయన, ఓటు అడగడానికి వచ్చిన నాయకుడితో "బాబూ, పోయిన ఎన్నికలకు వచ్చినప్పుడు నాకు రెండూ ఉండేవి" అన్నాడనుకో, ఆ హాలే నవ్వేది. కొందరు కళ్లు తుడుచుకునేవారు కూడా. మన విజయనగరంలో 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడినప్పుడు ఎదుట కూర్చున్నవారి ఇళ్లలోని సంగతులే వేదిక మీదికి వచ్చాయి; కానీ అక్కడ ఎక్కువ చీవాట్లు తిన్నది పిల్లను అమ్ముకునే తండ్రీ, సంస్కర్త వేషం వేసిన గిరీశమూ.

ఇక విశాఖ నవ్వు. ఆ వీడియోను శబ్దం తీసేసి మరోసారి చూడు. నీ వాక్యం పూర్తి కాకముందే వెనుక వరుసల్లో నలుగురైదుగురు నవ్వేశారు. మాట ముగియకముందే వచ్చిన నవ్వు నీ చమత్కారానికి వచ్చినది కాదు. వాళ్లు ఆ హేళనను ఇంటి నుంచే మోసుకుని వచ్చారు. మిగిలినవారిలో చాలామంది ముందు పక్కవాడి ముఖం చూసి, వాడు నవ్వాక నవ్వారు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలుగా విభజించి, తల వంచుకుని ఓరచూపుతో నవ్వే ఉపహసితాన్ని మధ్యములకూ, చోటు కాని చోట కళ్ల నీళ్లతో నవ్వే అపహసితాన్ని అధములకూ ఇచ్చాడు. జనం కన్నీళ్లొచ్చేలా నవ్వారని నీవు మురిసిపోతున్నావు కనుక గుర్తుచేస్తున్నాను.

నా తప్పు కూడా చెబుతాను. చీపురుపల్లి దాటాక ఒక ఊళ్లో కథ చెబుతున్నాము. ఆ రాత్రి మా రాజకీయ వంత జ్వరంతో రాలేదు, ఇద్దరమే లాక్కొస్తున్నాము. మదరాసుకు మట్టిపనికి పోయిన మొగుడి గురించీ, ఇంటి దగ్గర ఉన్న పెళ్లాం గురించీ ఒక మాట అన్నాను. అదేమిటో ఇక్కడ రాయను. కుర్రాళ్లు ఈలలు వేశారు. ముందు కూర్చున్న ఒకామె నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని లేచి, ఒక్క చేత్తో చాప చుట్టబోయింది. అది రెండుసార్లు జారి విచ్చుకుంది. ఎవరూ సాయం పోలేదు. నవ్వు ముందు వరుస నుంచి వెనక్కి ఒక్కో వరుసే ఆగిపోయింది. నేనేమో గొంతు పెంచి, మరో జోకు వేసి దానిని కప్పిపెట్టాలని చూశాను. తెల్లారాక మా కథకుడు నా వాటా డబ్బు చేతిలో పెట్టి, "ఆ చాప నువ్వే దిగెళ్లి చుట్టిచ్చుంటే బాగుండునురా" అని మాత్రం అన్నాడు.

కనుక హాలు నిశ్శబ్దమైతే గొంతు పెంచకు. "అర్థం కాలేదా?" అని అడగకు. లేచిపోయేవారి వీపు మీద జోకు వేస్తే మిగిలినవారు భయంతో నవ్వుతారు, ఆ తరువాత ఆ రాత్రంతా నీకు అసలు నవ్వు రాదు. ఎదురు ప్రశ్న వేసినవాడిని పూర్తిగా మాట్లాడనివ్వు. ఖాళీగా ఉన్న వంత స్థానాన్ని వాడు ఉచితంగా నింపుతున్నాడు.

అమెరికా స్టాండప్ హాస్యగాడు లెన్నీ బ్రూస్ పేరు చెప్పి నన్ను దబాయించావు కదా. 1964లో న్యూయార్కు కోర్టులో అశ్లీలత కేసులో అతని మీద సాక్ష్యంగా వినిపించినవాటిలో ఒకటి, లైసెన్సుల ఇన్‌స్పెక్టరు ఒకడు క్లబ్బులో కూర్చుని రాసుకున్న నోట్సు. తన హాస్యాన్ని మరొకడు చెడగొట్టి చెబుతుంటే శిక్ష తనకు పడుతోందని బ్రూస్ వాపోయాడు. క్షమాభిక్ష 2003లో వచ్చింది, అతను పోయిన ముప్పై ఏడేళ్లకు. ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టరు ప్రతి ప్రేక్షకుడి జేబులోనూ ఫోనై కూర్చున్నాడు. అరవైమందికి చెప్పిన అరగంట మాట అరనిమిషం ముక్కై ఊరంతా తిరిగినప్పుడు నీ ముఖకవళికా, ముందు వెనుకలూ దాని వెంట వెళ్లవు. కులం పేరెత్తే జోకుల విషయంలో మరింత జాగ్రత్త. అక్కడ 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, నిజానికి చట్టం కంటే ముందు మన పక్కింటివాళ్లు ఉన్నారు.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావు. ఉద్దానం జోకును తిరగరాసి తీసుకురా, పెరట్లో నిలబడి నాకు వినిపిద్దువుగాని. అటక మీది డక్కీని దింపించాను. చర్మం వదులైంది, నిప్పుసెగ చూపితే పలుకుతుంది.

ఇట్లు,
మీ మావయ్య