రెండువందల ఫోన్లు చేశాం, ఒక్కరూ కొనలేదు

ప్రశ్న: మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం నేనూ నా ఫ్రెండూ ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కడ ఉన్నాయో, అద్దె ఎంతయిందో ఫోన్లోనే చూసుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి రెండువందల మందికి ఫోన్ చేశాం, ఎవరూ పూర్తిగా వినలేదు. వాట్సాప్‌లో అందరికీ వీడియో పంపితే మా నంబరే బ్లాక్ అయింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గుంటూరులో ఉండి ఫిబ్రవరిలో ఫోన్లు చేశారా! ఏమీ అనుకోకండి గానీ నవ్వొచ్చింది. కొత్త పంట దిగే ఆ రోజుల్లో స్టోరేజీ గేటు ముందు లారీలు బారులు తీరి, ఒకపక్క హమాలీలు, ఇంకోపక్క రైతులు అరుస్తుంటే మధ్యలో నిలబడ్డ మనిషికి మీ డెమో ఏం వినబడుతుంది? సరుకంతా లోపలికి చేరి, మిర్చి మార్కెట్ యార్డుకు వేసవి సెలవులిచ్చాక వెళ్లండి. ఫోన్ చేయడం కాదు, మనిషే వెళ్లాలి.

వెళ్లి కూడా ముందు ఓనరును కాదు, గుమస్తాను కలవండి. నేను ఒకప్పుడు మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతూ తిరిగాను. ఒకాయన మూడుసార్లు టీ ఇప్పించి "చూద్దాంలే బాబూ" అన్నాడు, అంటే వద్దని, అది అర్థం కావడానికి నాకు మూడు టీలు పట్టింది. నాలుగోసారి వెళ్తే ఆయన లేడు, గుమస్తా ఉన్నాడు. ఎక్స్‌పైరీ అయి కంపెనీకి తిప్పి పంపాల్సిన మందుల లెక్క పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. మా సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా అదే లేదు! వారంలో అది చేర్చి తీసుకెళ్తే ఆ గుమస్తానే ఓనరుకు చెప్పి కొనిపించాడు.

మీరూ అలాంటిదే వెతకండి. రైతు స్టోరేజీ బాండు (సరుకు పెట్టినట్టు స్టోరేజీ ఇచ్చే రసీదు) బ్యాంకులో పెట్టి లోను తీసుకున్నాడు, తర్వాత అదే లాటులో కొన్ని టిక్కీలు అమ్ముకుంటానని వచ్చాడు, అప్పుడు రిజిస్టర్లో ఏం రాస్తారు, బ్యాంకు నుంచి ఏ కాగితం వచ్చాక సరుకు వదులుతారు? ఇది స్టోరేజీ గుమస్తాను అడిగి, ఆయన చెప్పేది రాసుకోండి. తన ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆయనకు ఉంటుంది, పైకి చెప్పడు. అందుకే ఒక సీజన్ రిజిస్టర్ కూడా అలాగే నడవనివ్వమని మీరే అనండి.

ఊరికే మాత్రం ఇవ్వకండి, ఊరికే వచ్చినదాన్ని ఎవరూ తెరిచి కూడా చూడరు. కొంచెమైనా తీసుకోండి. "ఇంకెవరు వాడుతున్నారు?" అని ప్రతి ఓనరూ అడుగుతాడు. అబద్ధం చెప్పారో, మీ ముందే వాళ్లకు ఫోన్ కొడతాడు. అందుకే మొదటిది మీ బంధువులో, ఊరి రైతులో సరుకు పెట్టే చోటే పట్టుకోండి. స్టోరేజీల లెక్కలు చూసే ఆడిటర్లనూ కలవండి, ఒక్క ఆడిటర్ చేతిలో ఎన్నో ఖాతాలుంటాయి. కాకపోతే జీఎస్టీ రిటర్నుల టెన్షన్‌లో ఉంటారు కాబట్టి 11, 20 తారీఖుల దగ్గర్లో ఆ ఆఫీసుల గడప తొక్కకండి.

ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉండనివ్వండి. వాళ్లే అడిగినప్పుడు తీయొచ్చు.