ఒక్క ఫోన్‌లోనే అడ్మిన్ మెనూ మాయం

ప్రశ్న: జావాలో రాసిన మా యాప్ ఇక్కడ అందరికీ బాగానే పనిచేస్తోంది. ఇస్తాంబుల్‌లో ఉన్న ఒక్కాయనకి మాత్రం అడ్మిన్ మెనూ రావట్లేదు, సర్వర్‌లో ఆయన రోల్ (అడ్మిన్ అనే హోదా) కరెక్ట్‌గానే ఉంది. ఎందుకంటారు?

జవాబు: ఆయన ఫోన్ టర్కిష్‌లో ఉందేమో అడగండి. ఇదే గోల ఎన్నోసారి వస్తోందో లెక్క కూడా పెట్టడం మానేశాను. మీరు రోల్‌ని టూఅప్పర్‌కేస్ (పెద్దక్షరాలుగా మార్చే ఫంక్షన్) చేసి పెద్దక్షరాల అడ్మిన్‌తో పోలుస్తున్నారు కదా, టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ వేరు, లేని ఐ వేరు, చిన్న ఐని పెద్దది చేసినా చుక్క పోదు, ఇక మ్యాచ్ ఎక్కడవుతుంది? టూఅప్పర్‌కేస్ పక్కనున్న ఖాళీ బ్రాకెట్లలో లొకేల్ డాట్ రూట్ పెట్టండి, అంటే ఫోన్ భాష ఏదైనా పట్టించుకోవద్దని చెప్పడం. జావా బదులు కాట్లిన్ భాషలో రాసేవాళ్లకి 1.5 నుంచి వచ్చిన లోయర్‌కేస్, అప్పర్‌కేస్‌లతో ఈ బాధ లేదు.

మీకు మెనూ రాకపోవడంతో పోయింది, అదృష్టవంతులు. "లింక్ ఫైల్ అని మొదలైతే ఆపెయ్" అనే చెక్ ఇలాగే రాస్తే టర్కిష్ ఫోన్‌లో అది ఏదీ ఆపదు.

నాకు అసలు భయం పాస్‌వర్డ్ రీసెట్ దగ్గర. రూట్ పెట్టినా సరే, చుక్క లేని చిన్న ఐని పెద్దది చేస్తే మామూలు క్యాపిటల్ ఐనే వస్తుంది. ఎవడో మీ యూజర్ మెయిల్ ఐడీలాంటిదే చుక్క లేని ఐతో ఒకటి తెరిచి, పాస్‌వర్డ్ మర్చిపోయానని కొడతాడు, మీ కోడ్ రెండూ పెద్దక్షరాలు చేసి ఒకటేననుకుని, రీసెట్ లింక్‌ని వాడు టైప్ చేసిన అడ్రస్‌కే పంపేస్తుంది. అకౌంట్ గోవిందా! లింక్ ఎప్పుడూ డేటాబేస్‌లో ఉన్న అడ్రస్‌కే పంపండి, టైప్ చేసినదానికి చచ్చినా పంపొద్దు.

తప్పంతా మీదే అనను. సీ షార్ప్ అనే ఇంకో భాషలో చూడండి, ఒక మాటలో ఇంకోటి ఉందా అని చూసే కంటెయిన్స్ అక్షరాల కోడ్ నంబర్లని బట్టి పోలుస్తుంది (దీన్నే ఆర్డినల్ అంటారు), పక్కనే ఉన్న, దేంతో మొదలవుతుందో చూసే స్టార్ట్స్‌విత్‌కి స్ట్రింగ్ ఇస్తే మెషీన్ భాషని బట్టి పోలుస్తుంది, ఇది ఎవరి బుర్రలో పుట్టిందో! ఆర్డినల్ అని చేత్తో రాసుకుంటే తప్ప నమ్మకం లేదు.

అలాగని అన్నిచోట్లా ఆర్డినల్ పెట్టేస్తే మన తెలుగు లిస్టులు పాడవుతాయి. "సాఫ్ట్‌వేర్" మధ్యలో కనపడని నాన్-జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటే వెతుకులాటలో "సాఫ్ట్వేర్" దొరకదు. ళ అయితే బడిలో నేర్చుకున్నట్టు హ తర్వాత కాకుండా ల పక్కన వచ్చి కూర్చుంటుంది. మనుషులు చూసే లిస్టుకి కొలేటర్ (భాష నియమాల ప్రకారం పోల్చి వరుసపెట్టేది) వాడండి, లాగిన్‌కి, రోల్‌కి, ఫైల్ పేరుకి మాత్రం దాన్ని దగ్గరికి కూడా రానివ్వొద్దు.