విస్కీ సీసా మీద ముందు చూడాల్సింది ఏళ్ళ అంకె కాదు

విస్కీ కొనే విషయంలో మీరు అడిగినవి మూడు. పన్నెండేళ్ళది కొనాలా, పద్దెనిమిదేళ్ళదా? సింగిల్ మాల్టే కొనాలా, బ్లెండెడ్ సరిపోతుందా? ఖర్చు మితిమీరకుండా నోటికి నచ్చేది ఎలా పట్టుకోవాలి? మూడోది తేలితే మొదటి రెండూ వాటంతటవే తేలిపోతాయి, అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

విస్కీ రుచి ముఖ్యంగా నాలుగు విషయాల మీద నిలబడుతుంది: ఏ ధాన్యంతో చేశారు, ఏ పీపాలో పెట్టారు, పొగ తగిలిందా లేదా, సీసాలో ఆల్కహాల్ ఎంత శాతం ఉంది. ఏళ్ళ లెక్క వీటి తర్వాతే.

బట్టీ నుంచి దిగినప్పుడు విస్కీ నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగు, రుచిలో పెద్ద వాటా చెక్క ఇచ్చేవే. అమెరికా బర్బన్‌కి చట్టప్రకారం కనీసం 51% మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. అందుకే అందులో వనిల్లా, పాకం, కొబ్బరి తీపి అంత గట్టిగా తెలుస్తాయి. ఒకసారి వాడేసిన ఆ పీపాలే చాలావరకు స్కాట్లాండ్ చేరతాయి. రెండోసారి వాడకంలో చెక్క జోరు తగ్గి, బార్లీ సొంత రుచి, పళ్ళ వాసన పైకి వస్తాయి. గ్లెన్‌మోరంజీ ఒరిజినల్ ఈ దారిదే. షెర్రీ వైన్ పట్టిన పీపాలో పెడితే ఎండుద్రాక్ష, లవంగం, చేదు చాక్లెట్ వస్తాయి. గ్లెన్‌డ్రోనాక్ 12, అబర్లౌర్ అబూనా ఈ కోవలోవి. తీపి ఇష్టపడేవాళ్ళు బర్బన్‌తో, తేలికగా జారిపోవాలనుకునేవాళ్ళు మూడుసార్లు బట్టీ పెట్టిన జేమ్సన్ లాంటి ఐరిష్‌తో మొదలుపెడితే దాదాపు తప్పు జరగదు. మిరియాల ఘాటు కావాలంటే రై అనే ధాన్యంతో చేసే విస్కీ ఉంది. బర్బన్‌లోనే మెత్తగా కావాలంటే రై బదులు గోధుమ కలిపే మేకర్స్ మార్క్ చూడండి.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది పొగ దగ్గర. మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్ అనే బురదనేల ఇంధనాన్ని కాలిస్తే ఆ పొగ గింజకి పడుతుంది. దాన్ని పీపీఎంలో (పదిలక్షల పాళ్ళకి ఎన్ని పాళ్ళు) చెబుతారు: ఆర్డ్‌బెగ్ దాదాపు 55, లఫ్రోయిగ్ 40 నుంచి 45, టాలిస్కర్ 20 అటూ ఇటూ. ఈ అంకె గింజలో కొలిచింది, సీసాలోది కాదు. బట్టీలో చాలా భాగం పోతుంది, ఎంత పోతుందన్నది ఒక్కో డిస్టిలరీకి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి అంకెని దిక్కుసూచిగా తీసుకోండి, కొలబద్దగా కాదు. పొగ విస్కీలకి పేరుపడ్డ స్కాట్లాండ్ ఐలా దీవిది అనగానే పొగ అనుకోవడమూ పొరపాటే; బున్నహావెన్ 12 అక్కడిదే, పొగ దాదాపు ఉండదు. మొదటిసారి లఫ్రోయిగ్ వాసన చూస్తే గాయానికి కట్టు కట్టే గదిలో నిలబడ్డట్టు ఉంటుంది. కొందరికి అదే ప్రాణం, కొందరు ఆ సీసాని జన్మలో ముట్టరు. తేల్చుకోవడానికి చౌకైన పరీక్ష జానీ వాకర్ బ్లాక్ లేబుల్. అందులో పొగ జాడ మాత్రమే ఉంటుంది. ఆ జాడ నచ్చితే టాలిస్కర్ 10కి, అదీ నచ్చితే లఫ్రోయిగ్, లగావులిన్‌లకి వెళ్ళండి. ఆ కాస్త పొగే అడ్డం తగిలితే ఆ దారి వదిలేయండి, బోలెడు డబ్బు మిగులుతుంది.

ఇక శాతం. స్కాచ్‌కి (స్కాట్లాండ్ విస్కీకి), బర్బన్‌కి చట్టం చెప్పే కనీసం 40%. చాలా కంపెనీలు నీళ్ళు కలిపి అక్కడిదాకా దించేస్తాయి, నీళ్ళకి ఖర్చు లేదు కదా. 46% కన్నా తక్కువ ఉన్న విస్కీలో ఐస్ వేస్తే, లేదా చలికి, కొవ్వు జాతి పదార్థాలు విడిపోయి మబ్బు పట్టినట్టు అవుతుంది. అది పాడైందనుకుని జనం వెనక్కిస్తారని ముందే బాగా చల్లబరిచి వడకడతారు. దాంతో నోట్లో తెలిసే జిగురు, నిండుదనం కొంత పోతాయి. 46% అంతకన్నా పైన ఉండి, చల్లబరిచి వడకట్టలేదని లేబుల్ మీద రాసి ఉంటే ఆ సీసాకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అదే ధరకి 40% ఉన్న పదిహేనేళ్ళదీ, 46.3% ఉన్న డీన్‌స్టన్ 12 లాంటిదీ పక్కపక్కన ఉంటే నా చెయ్యి రెండో దాని మీదకే పోతుంది.

శాతం సంగతి బడ్జెట్‌కి కూడా తగులుతుంది. 58% ఉన్న 700 మి.లీ. సీసాని 40%కి పలచన చేస్తే సుమారు 1,015 మి.లీ. అవుతుంది. అంటే పీపా నుంచి నీళ్ళు కలపకుండా నింపిన 'కాస్క్ స్ట్రెంగ్త్' సీసా పైకి ఖరీదుగా కనిపించినా, 40% సీసా కన్నా దాదాపు సగం ఎక్కువ మందు ఉన్నట్టు. కలిపే లెక్క కష్టమేమీ కాదు: ఉన్న మిల్లీలీటర్లని ఉన్న శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగించాలి. 60% విస్కీ 30 మి.లీ. ఉంటే, 45%కి దించడానికి మొత్తం 40 మి.లీ. కావాలి, అంటే 10 మి.లీ. నీళ్ళు. ధరలు పోల్చేటప్పుడు సీసా సైజు కూడా చూడండి. 700, 750, 1,000 పక్కపక్కనే ఉంటాయి. నిక్కా ఫ్రమ్ ద బారెల్ ఎక్కువగా 500 మి.లీ.లో వస్తుంది, పొట్టి చతురస్రపు సీసా కావడంతో చప్పున తెలియదు. 100 మి.లీ.కి ఎంత పడుతుందో లెక్కేసుకుంటే మోసపోరు. డబ్బా అట్టకి, మూత బరువుకి ఇచ్చే డబ్బు గొంతు దిగదు.

ఏళ్ళ అంకె గురించి: లేబుల్ మీద 12 అని ఉంటే అందులో కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు 12 అని అర్థం. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2% ఆవిరైపోతుంది. పాతది ఖరీదు కావడానికి కారణం ఆ ఆవిరి, అన్నేళ్ళ గోడౌన్ ఖర్చు. రుచి రెట్టింపైనందుకు కాదు. వేడి ప్రాంతాల్లో ఆవిరి ఇంకా ఎక్కువ, చెక్క రుచి కూడా తొందరగా దిగుతుంది. బెంగళూరు అమృత్, తైవాన్ కవలన్ సీసాల్లో చాలావాటి మీద ఏళ్ళ అంకె లేకపోయినా చిక్కగా ఉండేది ఇందుకే. కొత్త పీపాలో మరీ ఎక్కువ కాలం ఉంచిన బర్బన్ చెక్క నమిలినట్టు వగరెక్కుతుంది కూడా.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, పూర్తిగా మొలకెత్తించిన బార్లీతో చేసినది. అంతకు మించి హామీ ఏమీ లేదు. బ్లెండెడ్ స్కాచ్‌లో మాల్ట్‌తో పాటు, గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేసే తేలికైన గ్రెయిన్ విస్కీ కలుస్తుంది. సోడాతో, ఐస్‌తో తాగేవాళ్ళకి మంచి బ్లెండెడ్ చాలు. పద్దెనిమిదేళ్ళ మాల్ట్‌లో సోడా పోయడం నేరమేమీ కాదు గానీ, ఆ తేడా ధర సోడాలో కరిగిపోతుంది. గ్రెయిన్ లేకుండా, మాల్ట్‌లే కలిపిన మంకీ షోల్డర్ లాంటివి మధ్యేమార్గం.

లేబుల్ మీద 'రిజర్వ్', 'రేర్', 'సెలెక్ట్' లాంటి మాటల్ని పట్టించుకోకండి, ఎవరైనా రాసుకోవచ్చు. 'స్ట్రెయిట్ బర్బన్' అంటే మాత్రం కనీసం రెండేళ్ళు పీపాలో ఉండాలి, రంగు కలపకూడదు. 'బాటిల్డ్ ఇన్ బాండ్' అంటే 1897 నాటి అమెరికా చట్టం కింద కనీసం నాలుగేళ్ళు, సరిగ్గా 50%. బడ్జెట్‌లో బర్బన్ వెతికేవాళ్ళకి ఈ మాట బాగా పనికొస్తుంది. స్కాచ్‌లో క్యారమెల్ రంగు వేయడం చట్టబద్ధమే, కాబట్టి ముదురు రంగు చూసి ముచ్చటపడకండి. కొన్నిచోట్ల మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్‌కి కూడా విస్కీ అని పేరు పెడతారు, వెనక లేబుల్ చదవండి.

నిండు సీసా కొనేముందు 50 మి.లీ. చిన్న సీసాలు నాలుగు తీసుకోండి: ఒక బర్బన్, ఒక ఐరిష్, ఒక షెర్రీ పీపాది, ఒక పొగది. ఒక్కోటి 15 మి.లీ. పోయండి. మూతి సన్నగా ఉన్న గ్లాసైతే మేలు. పొగది చివరికి ఉంచాలి, ముందు తాగితే మిగతావేవీ తెలియవు. ముక్కుని గ్లాసులో ముంచేయకుండా నోరు కాస్త తెరిచి వాసన చూడండి, లేకపోతే ఆల్కహాల్ ఘాటుకి ముక్కు మొద్దుబారుతుంది. మొదటి గుక్క నాలుకని అలవాటు చేయడానికే, తీర్పు రెండోదాని మీద చెప్పండి. మంట ఎక్కువగా ఉంటే చెంచాతో చుక్కచుక్కగా నీళ్ళు వేస్తూ మళ్ళీ చూడండి. ఐస్ ఈ పరీక్షలో వద్దు, చలికి వాసన ముడుచుకుపోతుంది. ఒక పూటకి ఈ నాలుగు చాలు. అంతకు మించితే తీర్పు మీది కాదు, మందుది.

కొన్న సీసాని నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఆల్కహాల్ తగిలి కార్కు పాడవుతుంది. ఎండ తగలకూడదు. సీసాలోకి చేరాక వయసు పెరగదు కాబట్టి మూత తీయకుండా ఏళ్ళతరబడి దాచినా రుచి మెరుగవదు. మూడో వంతుకి దిగాక లోపలి గాలితో రుచి నెమ్మదిగా చప్పబడుతుంది. అప్పుడు కొన్ని నెలల్లో ముగించండి, లేదా మిగిలినది సరిపడే చిన్న గాజు సీసాలోకి అంచుదాకా మార్చేయండి.