టెక్ సందేహాలు: సంచి మీద కొండ, కొండ మీద మాట

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే పని గురించి. చేత్తో వస్తువులు చేసి అమ్ముకునేవాళ్లు వాటి మీద కొండో, సముద్రమో, చెట్లో వేసి, పక్కన ఒక మంచి మాట రాయించాలనుకుంటున్నారు. అందుకే ఈ వారం మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

నెల్లిమర్ల నుంచి ఒక పాఠకురాలు: జూట్ బ్యాగులు కుడతాను. కొండలు, టెంటు, క్యాంప్ మంట ఉన్న కొటేషన్ డిజైన్ల బండిల్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. జిప్ విప్పితే ఒక్కో డిజైనూ ఐదు రకాల ఫైళ్లలో ఉంది. ఏది వాడాలి? బ్యాగు మీద వేసి అమ్మితే తప్పవుతుందా?

ముందు రెండో ప్రశ్న. జిప్‌లో బొమ్మలతో పాటు సాధారణంగా ఒక చిన్న టెక్స్ట్ ఫైలో, పీడీఎఫో ఉంటుంది. లైసెన్సు అదే. అందులో ‘పర్సనల్ యూజ్’ అని ఉంటే మీ ఇంట్లో వాడుకునే బ్యాగు వరకే, అమ్మకూడదు. ‘కమర్షియల్ యూజ్’ అని ఉన్నా అక్కడితో ఆగకండి. ఇన్ని వస్తువుల వరకే అని కొందరు హద్దు పెడతారు. ఫైలును ఫైలుగా ఇంకొకరికి అమ్మడానికి మాత్రం దాదాపు ఎవరూ ఒప్పుకోరు. కొన్న పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో కలిపి ఒక ఫోల్డర్‌లో దాచండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే. జిప్‌లో లైసెన్సే లేకపోతే అమ్మినవాళ్లకు మెసేజ్ పెట్టి, రాతలో జవాబు వచ్చాకే అచ్చుకు ఇవ్వండి.

డిజైన్లు చేసుకునే కాన్వా యాప్ వాడేవాళ్లకూ ఇలాంటి షరతే ఉంది. అందులోని బొమ్మను ఏ మార్పూ చేయకుండా ఉన్నదున్నట్టు వస్తువు మీద అచ్చేసి అమ్మకూడదు. మీ మాట, మీ అమరిక కలిసి అది మీ డిజైన్ కావాలి.

ఇక ఫైళ్లు. జేపీజీకి వెనక తెల్లరంగు అతుక్కునే ఉంటుంది. జూట్ రంగు మీద దాన్ని అచ్చేస్తే కొండ చుట్టూ తెల్లటి డబ్బా కనిపిస్తుంది. పీఎన్‌జీలో వెనక ఖాళీగా ఉంచవచ్చు, కానీ పెద్దది చేసేకొద్దీ మసకబారుతుంది. ఎస్‌వీజీ, ఈపీఎస్ అనేవి వెక్టర్ ఫైళ్లు. బొమ్మను చుక్కలుగా కాకుండా గీతల లెక్కగా దాస్తాయి కాబట్టి అరచేతి సైజు నుంచి గోడ సైజుకు పెంచినా అంచులు చెదరవు. స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లకు ఈ రెండింట్లో ఒకటి ఇవ్వండి. డీఎక్స్‌ఎఫ్ కటింగ్ మెషీన్లకు పనికొస్తుంది, మీకు అక్కర్లేదు.

నెల్లిమర్ల జూట్ మిల్లు ఊరు. ఆ గుడ్డ నేత ఎంత ముతకో మీకు చెప్పనక్కర్లేదు. సన్నటి గీతలు ఆ పోగుల మధ్య పడి తెగిపోతాయి. గడ్డి పరకలు, దూరంగా ఎగిరే పక్షులు, సన్నటి ఇంగ్లిష్ అక్షరాలు ఉన్న డిజైన్లు వదిలేయండి. ఒక్కో రంగుకూ ఒక్కో స్క్రీన్, అంటే రంగు దిగే జాలీ చట్రం, చేయాలి కాబట్టి రంగులు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది. ఒకే రంగులో, నిండుగా నల్లటి ఆకారంలా ఉన్న కొండ జూట్ మీద చక్కగా కూర్చుంటుంది. కప్పుల మీద వేసే సబ్లిమేషన్ ప్రింట్ జూట్‌కు పట్టదు. దానికి పాలిస్టర్ గుడ్డ గానీ, పైన కోటింగ్ ఉన్న వస్తువు గానీ కావాలి.

మీరు అడగకపోయినా ఒక మాట చెబుతాను. ఆ బండిల్‌లో ఉన్నవి మంచు కొండలు, దేవదారు చెట్లు. మీలాగే కొన్న ప్రతి ఒక్కరూ అవే బొమ్మలు అచ్చేస్తారు. మన తాటిచెట్ల వరస ఆ బండిల్‌లో దొరకదు. తాటిపూడి వైపు వెళ్లినప్పుడు పొద్దు వాలే వేళ, వెలుతురుకు ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీయండి. ఆకాశం వెలుగుతూ, చెట్లు నల్లగా పడతాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫోటో తెరిచి ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ నొక్కితే ఆ నలుపు వెక్టర్ బొమ్మ అవుతుంది. లైసెన్సు టెన్షన్ ఉండదు, బొమ్మ మీదే.

మాట కూడా మన యాసలోనే ఉండొచ్చు. నాగావళి ఒడ్డు బొమ్మ కింద ‘ఏటి గాలి!’ అని రాసి చూడండి. బయటివాళ్లు దాన్ని నది గాలి అని చదువుతారు. మనవాళ్లకు ‘ఏం గాలి!’ అని కూడా వినిపిస్తుంది. రెండే మాటలు కాబట్టి అక్షరాలు పెద్దవిగా వేయొచ్చు, ముతక గుడ్డ మీద కూడా నిలుస్తాయి.

అడవి, జంతువుల బొమ్మలు కావాలనుకుంటే సవర చిత్రాలను నెట్‌లోంచి దించి అచ్చేయకండి. అవి సవర గిరిజనులు తరతరాలుగా గోడల మీద గీసుకుంటున్న బొమ్మలు. సీతంపేట వైపు ఆ కళ తెలిసినవాళ్లున్నారు. డబ్బిచ్చి గీయించుకుని, బ్యాగు ట్యాగు మీద వాళ్ల పేరు వేయండి.

శ్రీకాకుళం నుంచి: కళింగపట్నం లైట్‌హౌస్ ఫోటో నేనే తీశాను. దాని మీద మాట రాసి ఏ4 ఫ్రేములుగా అమ్ముదామనుకున్నాను. ఫోన్‌లో అద్దంలా ఉంది, ప్రింట్ మాత్రం మసకగా వచ్చింది. ఎందుకు?

ఫోటోను ప్రింటింగ్ షాపుకు వాట్సాప్‌లో మామూలుగా పంపి ఉంటారు. తొంభై శాతం ఇదే కారణం. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4 సైజుకు 2480 × 3508 పిక్సెల్స్ కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటోలో 3000 × 4000 ఉంటాయి, అంటే సరిపోతుంది. వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. పొడవు వైపు 1600 పిక్సెల్స్ మిగిలాయనుకుంటే అంగుళానికి 137 కూడా రావు. ఈసారి అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా ‘డాక్యుమెంట్’ ఎంచుకుని పంపండి. ఫైలు ఉన్నదున్నట్టు వెళుతుంది. స్టేటస్‌లో పెట్టిన ఫోటోను మళ్లీ దించి వాడటం, స్క్రీన్‌షాట్ తీసి పంపడం అసలు వద్దు. జూమ్ చేసి తీసిన ఫోటో కూడా పెద్ద సైజుకు ఆగదు, నాలుగడుగులు ముందుకు నడిచి తీయండి.

సముద్రం నీలం కూడా తెర మీద మెరిసినంతగా కాగితం మీద మెరవదు. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ ఇంకుతో చూపిస్తుంది. యాభై ఫ్రేములు ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్కటి వేయించి, పగటి వెలుతురులో చూసుకోండి. మాటను అలల మీద కాకుండా ఖాళీ ఆకాశం మీద రాస్తే బాగా చదవొచ్చు.

బొబ్బిలి నుంచి: వీణల పనిలో మిగిలిన పనస చెక్క ముక్కలతో కీచైన్లు చేస్తాం. లేజర్‌తో తెలుగు మాట చెక్కిస్తే ఒత్తులన్నీ విడిపోయాయి. షాపువాళ్లు మా ఫైలే తప్పంటున్నారు.

ఈ బాధ నాకు బాగా తెలుసు. మా మేనకోడలు పెళ్లికి చెక్క పలకలు చేయించినప్పుడు ‘స్వేచ్ఛ’ అన్న మాట ‘స్‌వేచ్‌ఛ’ అయి కూర్చుంది. ఇరవై పలకలు పక్కన పడేయాల్సి వచ్చింది.

ఇందులో మీ తప్పూ లేదు, షాపువాళ్ల తప్పూ లేదు. ఫోన్‌లో మనం రాసే తెలుగు యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి. మన డీటీపీ షాపుల్లో చాలా చోట్ల ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు, వాటి పద్ధతి వేరు. పైగా పాత సాఫ్ట్‌వేర్లకు ఒత్తును అక్షరం కింద చేర్చడం రాదు. కాబట్టి అక్షరాలను అక్షరాలుగా పంపకండి, బొమ్మగా మార్చి పంపండి. ఇంక్‌స్కేప్‌లో మాట రాసి, దాన్ని ఎంచుకుని ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి ఎస్‌వీజీగా దాచండి. కోరెల్‌డ్రాలో దీన్నే ‘కన్వర్ట్ టు కర్వ్స్’ అంటారు. ఆ తర్వాత ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒత్తు కదలదు. తప్పులుంటే ముందే దిద్దుకోండి, మార్చాక టైప్ చేసి సరిచేయడం కుదరదు.

ఫాంట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు, గురజాడ లాంటివి ఉచితంగా ఉన్నాయి. వాటితో చేసిన వస్తువులు అమ్ముకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు, విజయనగరంలో బతికిన గురజాడ పేర్లు మన చెక్క ముక్కల మీది అక్షరాలకు కూడా ఉండటం నాకు ఎంతో ఇష్టం. కీచైన్ లాంటి చిన్న వస్తువుకు మాత్రం రామభద్ర వాడండి, అది లావుగా ఉంటుంది. రెండు వరసలు రాస్తే మధ్య ఖాళీ బాగా వదలండి, లేకపోతే పైవరస ఒత్తులు కిందివరస గుడులకు తగులుతాయి.

విజయనగరం నుంచి: కవుల మాటలు ప్రకృతి ఫోటోల మీద వేసి పోస్టు కార్డులుగా అమ్మవచ్చా? కింద కవి పేరు వేస్తాను.

పేరు వేయడం మర్యాద. అనుమతి వేరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత కన్నుమూసిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రాసి అప్పట్లోనే అచ్చయినవి ఎప్పుడో అందరివీ అయ్యాయి. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 చివరి వరకు ఆయన పంక్తులకు అనుమతి కావాలి. సినిమా పాటల జోలికి అసలు వెళ్లకండి. వేమన పద్యాలకు, సామెతలకు ఎవరినీ అడగనక్కర్లేదు, పాఠాన్ని మాత్రం ఏదైనా పుస్తకంలో సరిచూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే కొటేషన్ కింద ఉన్న పేరును నమ్మి వంద కార్డులు అచ్చేయించకండి.